మరియమ్మ మీద వేలాడే ఆ గుడ్డు ఏమిటి? పియెరో బలిపీఠ చిత్రం గురించి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను, తర్వాత చదివేవాళ్లకూ పనికొస్తుంది. మిలాన్‌లోని బ్రేరా మ్యూజియంలో 15వ శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు పియెరో డెల్లా ఫ్రాంచెస్కా వేసిన పెద్ద పటం చూశారు. మధ్యలో మరియమ్మ, ఒళ్లో బాలయేసు, చుట్టూ పునీతులు, దేవదూతలు, ముందు ఇనప కవచం తొడుక్కుని మోకాళ్ల మీద ఒక మనిషి. పైన గొలుసుకు ఒక గుడ్డు. "గుడ్డు ఎందుకుంది? పిల్లవాడు ప్రాణం లేనట్టు ఎందుకు పడుకున్నాడు? యుద్ధానికి వెళ్లే వేషంలో ఆయనకు అక్కడేం పని? మా చర్చిలో సిలువ తప్ప బొమ్మలుండవు, అందుకే ఇదంతా నాకు కొత్త" అన్నారు.

ఇరవై ఏళ్లకు పైగా ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులకు కళాచరిత్ర చెప్పాను. ఈ పటాన్ని మొదట్లో ఎంత తేలిగ్గా దాటేసేవాణ్నో ముందు ఒప్పుకోవాలి. స్లైడు వేసి, కర్రతో గుడ్డు చూపించి, "గుడ్డంటే పునరుత్థానం, ఈస్టర్ గుడ్లు గుర్తున్నాయిగా" అనేసి తర్వాతి స్లైడుకు వెళ్లిపోయేవాణ్ని. ఒక ఏడాది వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "సార్, గొలుసు తెగితే గుడ్డు సరిగ్గా మరియమ్మ నెత్తిన పడుతుంది కదా, అలా ఎవరైనా కడతారా?" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఇంటికెళ్లాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పటం తీసి బాగా చూస్తే తెలిసిందేమిటంటే, గొలుసు తెగినా గుడ్డు ఆమె మీద పడదు.

ఎందుకంటే అది ఆమె నెత్తిమీద లేదు, చాలా వెనక ఉంది. చూడగానే మరియమ్మ చర్చి చివరి గోడలోని ఆ అర్ధగోళాకారపు గూడు కిందే కూర్చున్నట్టుంటుంది. కానీ పక్క గోడల మీది పాలరాతి పలకలనూ, కమాను లోపలి చదరపు గళ్లనూ ఒక్కొక్కటే లెక్కపెడుతూ లోపలికి వెళ్లండి. మనుషులందరూ ముందువైపు నిలబడి ఉన్నారు, ఆ గూడు వాళ్లకు చాలా దూరాన ఉంది. పియెరో లెక్కల మనిషి. పర్‌స్పెక్టివ్ (బొమ్మలో దూరాన్ని లెక్క ప్రకారం చూపించే పద్ధతి) మీద, క్రమ ఘనాకృతుల మీద పుస్తకాలు రాసినవాడు. ఆయన పటంలో దూరాలు ఉజ్జాయింపుగా ఉండవు. 1966లో మీస్, జోన్స్ అనే ఇద్దరు ఈ బొమ్మలోని కట్టడాన్ని కొలతలతో సహా తిరిగి గీసి చూశారు. అంత దూరంలో ఉండి ఈ సైజులో కనబడాలంటే అది కోడిగుడ్డు కాదు, నిప్పుకోడి గుడ్డంత ఉండాలి.

నిప్పుకోడి గుడ్డు చర్చిలో ఏం చేస్తుందని మనకు అనిపిస్తుంది. అప్పట్లో అది వింత కాదు. యూరప్ చర్చిల్లో నిజంగానే నిప్పుకోడి గుడ్లు వేలాడదీసేవారు. 13వ శతాబ్దంలో గియోమ్ దురాన్ అనే బిషప్ చర్చిలోని ప్రతి వస్తువుకూ అర్థం చెబుతూ ఈ గుడ్ల సంగతి కూడా రాశాడు. ఆయన చెప్పిన మొదటి కారణం నాకు భలే నచ్చుతుంది: అరుదైన వస్తువు ఉంటే జనం చూడటానికి వస్తారు! రెండోది భక్తి కారణం. నిప్పుకోడి మతిమరుపుతో గుడ్లను ఇసుకలో వదిలేసి పోతుందట. ఆకాశంలో ఒక నక్షత్రం కనబడగానే గుర్తొచ్చి వెనక్కి వస్తుందట. దేవుణ్ని మరిచిన మనిషి కూడా ఆయన వెలుగు పడగానే అలాగే తిరిగి వస్తాడని పోలిక. ఇంకో నమ్మకం కూడా ప్రచారంలో ఉండేది. నిప్పుకోడి గుడ్లను తల్లి పొదగదు, సూర్యుడి వేడికే అవి పిల్లలవుతాయని. ఎండకు గుడ్డు పిల్ల కాగలిగినప్పుడు దేవుడి వెలుగుతో కన్య గర్భవతి కావడం ఎందుకు కుదరదు అని మధ్యయుగపు రచయితలు వాదించేవారు. పక్షిశాస్త్రం చూస్తే రెండూ తప్పే, నిప్పుకోళ్లు ఆడా మగా వంతులేసుకుని మరీ పొదుగుతాయి. కానీ పటం వేసిన రోజుల్లో చూసేవాడి బుర్రలో ఉన్నది ఆ కథలే.

మిలాన్‌లోనే ఉంటున్నారు కాబట్టి ఒక ఆదివారం వెరోనా వెళ్లి, సాన్ జెనో చర్చిలో అదే కాలపు చిత్రకారుడు మాంతెన్యా పటం చూడండి. అది దీనికన్నా పదేళ్లకు పైగా ముందుది. అందులోనూ మరియమ్మకు పైన గుడ్డు వేలాడుతుంది. అంటే పియెరో ఆ గుడ్డును కొత్తగా కనిపెట్టలేదు. ఆయన చేసిందల్లా చుట్టూ ఉన్న హంగులన్నీ తీసేసి, దాని మీద నిండుగా వెలుగు పడనిచ్చి, కంటికి తప్పించుకోలేకుండా చేయడం.

అది గుడ్డు కాదు, ముత్యం అన్నవాళ్లూ ఉన్నారు. గొలుసు ఎక్కణ్నుంచి దిగిందో చూశారా? తలకిందులుగా చెక్కిన పెద్ద ఆల్చిప్ప కొస నుంచి. ఆకాశం నుంచి రాలిన మంచుబొట్టును చిప్ప నోరు తెరిచి అందుకుంటే ముత్యం పుడుతుందని రోమన్ల కాలం నుంచీ అక్కడి నమ్మకం. స్వాతి చినుకు కథ విని పెరిగిన మనకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. మగవాడి సంపర్కం లేకుండా, పైనుంచి దిగిన దానితో లోపల ముత్యం పుట్టడం అనే ఊహను క్రైస్తవ రచయితలు మరియమ్మకు అన్వయించారు. నా మటుకు అది గుడ్డే. ఆకారం ముత్యంలా గుండ్రంగా లేదు. పైగా ఈ పటం ఎవరి కోసం వేశారో, ఉర్బినో నగరాన్ని ఏలిన ఆ మాంటెఫెల్ట్రో వంశం చిహ్నాల్లో నిప్పుకోడి ఒకటి. ముక్కున ఇనప బల్లెం మొన కరుచుకుని ఉంటుంది. పక్కన జర్మన్‌లో ఒక మాట, "పెద్ద ఇనుమునైనా అరిగించుకోగలను" అని. అంటే గుడ్డు దేవుడి కథతో పాటు ఆ ఇంటి కథనూ మోస్తోంది. చిప్ప వల్ల ముత్యం కూడా తలపుకొస్తే రానీండి, పియెరో అడ్డం చెప్పడు. ఒక గుర్తుకు ఒకే అర్థం అని పరీక్ష బిట్లు రాసినట్టు రాయబోతే ఈ పటం చేతికి చిక్కదు. నేను చాలాకాలం చేసిన తప్పు అదే.

ఇక పిల్లవాడు. మీకు ప్రాణం లేనట్టు అనిపించిందంటే మీరు సరిగ్గానే చూశారు. కాళ్లు చాపి, ఒళ్లంతా వదిలేసి, అమ్మ మోకాళ్ల మీద ఏటవాలుగా పడి ఉన్నాడు. అమ్మ చేతులు చూడండి. రెండూ జోడించి ప్రార్థిస్తోంది, పిల్లవాణ్ని ఎవరూ పట్టుకోలేదు. ఏ తల్లీ నిద్రపోయే బిడ్డను అలా వదిలేయదు. సిలువ మీంచి దించిన కొడుకును తల్లి ఒళ్లో పడుకోబెట్టిన భంగిమే ఇది. ముప్పై మూడేళ్ల తర్వాత జరగబోయేది ఇక్కడ పసివాడి నిద్రలో కనబడుతోంది. నిద్రపోతున్న బాలయేసును ఆ కాలపు ఇటలీలో చాలామంది వేశారు, చూసేవాళ్లకు సంగతి వెంటనే అందేది. నమ్మకం కుదరకపోతే అదే మ్యూజియంలో మాంతెన్యా వేసిన మరణించిన క్రీస్తు ఉంది. పాదాల వైపు నుంచి చూసినట్టు రాతిపలక మీద పడుకున్న దేహం. ముందు అది చూసి, తర్వాత వచ్చి ఈ పిల్లవాణ్ని చూడండి.

మ్యూజియంలో మనకు అందని సంగతి ఒకటుంది. ఇది గోడకు తగిలించుకోవడానికి వేసిన పటం కాదు, బలిపీఠం వెనక నిలబెట్టడానికి వేసింది. మీది ప్రొటెస్టెంట్ సంఘం అయితే దీనికి మీ చర్చిలో సరిపోలేది ఉండదు. క్యాథలిక్ పూజలో గురువు అప్పాన్ని, అంటే పూజలో వాడే రొట్టెను, రెండు చేతులతో పైకెత్తి చూపించే ఘట్టం ఉంటుంది, "ఇది నా శరీరము" అన్న మాటల దగ్గర. జనం మోకాళ్ల మీద ఉండి ఆ చేతుల వైపు చూస్తారు. అప్పానికి వెనగ్గా వాళ్లకు కనబడేది నిద్రపోతున్న ఈ శరీరమే. ఇవాళ మ్యూజియంలో ఆ పూజా లేదు, ఆ పీఠమూ లేదు. అందుకే పిల్లవాడు మనకు వింతగా కనబడతాడు.

వాడి మెడలో ఎర్రటి పగడాల దండ ఉంది, కింద కొమ్మలా చీలిన పగడం ముక్క వేలాడుతోంది. మీరు దాన్ని అడగలేదు గానీ తెలుగువాళ్లకు నేను ఎప్పుడూ ముందు చూపించేది అదే. ఇటలీలో చంటిపిల్లలకు దిష్టి తగలకుండా, పళ్లొచ్చేటప్పుడు బాధ లేకుండా పగడం కట్టేవారు. మా అమ్మమ్మ దీన్ని చూసి ఉంటే "వాళ్లూ మనలాగే కట్టారే" అనేది. పోలిక ఊరికే కుదరలేదు. మధ్యధరా సముద్రపు పగడం వ్యాపారుల ఓడల్లో మన తీరానికి వచ్చేది. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో సుంకం కట్టాల్సిన సరుకుల్లో పగడాలు కూడా ఉన్నాయి. ఇప్పటికీ ఉంగరం కోసం నగల దుకాణానికి వెళ్తే "ఇటాలియన్ పగడం" అని ధర ఎక్కువ చెబుతారు చూడండి, అది ఆ సముద్రపుదే. పటంలో మాత్రం ఆ ఎరుపు రెండు పనులు చేస్తోంది. చూడగానే దిష్టిదండ. కాస్త ఆగితే తెల్లటి ఒంటి మీద, ఛాతీ దగ్గర, చీలికలుగా దిగిన ఎరుపు. నెత్తురు అని వేరే చెప్పాలా? దిష్టి తగలకుండా అమ్మ కట్టిన పూసల్లోనే జరగబోయే గాయం ఉండటం నాకైతే గుడ్డుకన్నా గట్టి దెబ్బ.

చుట్టూ ఉన్నవాళ్ల గురించి గబగబా చెప్పేస్తాను. ఎడమవైపు బాప్తిస్మమిచ్చే యోహాను, సియెనా బెర్నార్దినో, రాతితో గుండె బాదుకుంటున్న జెరోమ్. కుడివైపు అంగీ చీల్చి పక్కటెముకల గాయం చూపిస్తున్న ఫ్రాన్సిస్, తల మీద నరికిన గాటుతో వేదసాక్షి పేతురు, చివర అంద్రెయ. వెనక నలుగురు దేవదూతలు, నగలు పెట్టుకుని, పెళ్లిలో ఫొటోకు నిలబడ్డట్టు. వీళ్లంతా ఒకే కాలంవాళ్లు కాదు. యోహాను మొదటి శతాబ్దం మనిషి, బెర్నార్దినో పటం వేయడానికి ముప్పై ఏళ్ల కిందటే, 1444లో చనిపోయాడు. ఇది జరిగిన సంఘటన బొమ్మ కాదు. కాలంతో పని లేకుండా అందరూ ఒకే గదిలో ఆమె చుట్టూ చేరారు. ఇలాంటి పటాలను ఇటలీలో పవిత్ర సంభాషణ అంటారు. సంభాషణ అని పేరే గానీ ఒక్కరూ నోరు విప్పరు.

ఇప్పుడు ఆ కవచం మనిషి. ఉర్బినో పాలకుడు ఫెదెరికో డ మాంటెఫెల్ట్రో, పటం ఖర్చు పెట్టుకున్నవాడు. డబ్బుకు సైన్యాన్ని నడిపే సేనాని. పుస్తకాలన్నా చిత్రకళన్నా ప్రాణం. రెండూ ఒకే మనిషిలోనే. ఆయన కవచం భుజం మీద కిటికీ వెలుగు మెరుస్తోంది చూడండి, నూనె రంగులతో అంత సూక్ష్మంగా వేయడం ఇటలీకి ఉత్తరాన ఉన్న ఫ్లాండర్స్ చిత్రకారుల దగ్గర నేర్చుకున్న విద్య. శిరస్త్రాణం, ఇనప చేతొడుగులు, సేనాని దండం కింద నేల మీద పెట్టేశాడు. దేవుడి ముందు చెప్పులు విడిచినట్టు, ఆయుధపు దర్పం పక్కన పెట్టడం. జోడించిన చేతులు మాత్రం మిగతా పటంలో కలిసినట్టుండవు. వాటిని వేరే చిత్రకారుడు, బహుశా స్పెయిన్ నుంచి వచ్చిన బెర్రుగెతే, మళ్లీ వేశాడని చాలామంది పండితుల మాట. ఒకసారి దగ్గరికెళ్లి వేళ్ల ఉంగరాలు చూసి మీరే తేల్చుకోండి.

ఆయన ఎప్పుడూ ఎడమ చెంపే చూపిస్తాడు. 1450 ప్రాంతంలో ఈటెల పోటీలో కుడి కన్ను పోయింది, ముక్కు దూలం దగ్గర నొక్కు పడింది. అందుకని పటంలో కుడివైపు కూర్చుని ఎడమవైపుకు తిరగాల్సిందే. ఇది అందం కోసం చేసిన ఏర్పాటులా కనబడుతుంది. కానీ దీనివల్ల ఇంకో వైపు ఖాళీ పడింది.

ఇలా దాతలను వేసేటప్పుడు భార్యాభర్తలను ఎదురెదురుగా, మధ్యలో మరియమ్మ ఉండేటట్టు వేయడం ఆనవాయితీ. తిరుమలలో మహాద్వారం దాటగానే శ్రీకృష్ణదేవరాయలు ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ విగ్రహాలు చూసే ఉంటారు. దాత ఒంటరిగా ఉండడు. ఇక్కడ ఫెదెరికో ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా, ఎడమవైపు, యోహాను పాదాల ముందు చదును నేల. భార్య బత్తిస్తా స్ఫోర్జా 1472 జులైలో చనిపోయింది, ఇరవై ఆరేళ్లకే. వరసగా ఆడపిల్లలు పుట్టాక అదే ఏడాది జనవరిలో మగపిల్లవాడు గిదోబాల్దో పుట్టాడు. ఆరు నెలలైనా కాకుండా తల్లి పోయింది. బత్తిస్తా అనే పేరు బాప్తిస్మమిచ్చే యోహాను పేరే. అంటే ఆమె పేరింటి పునీతుడు అక్కడ వచ్చి నిలబడ్డాడు, ఆయన ముందు మోకరిల్లాల్సిన మనిషి మాత్రం లేదు.

దీన్నిబట్టి పటం ఆమె పోయాక వేసిందని అనుకుంటారు. 1474లో ఫెదెరికోకు డ్యూక్ బిరుదు, ఇంగ్లండ్ రాజు ఇచ్చే గార్టర్ గౌరవం వచ్చాయి. ఆ చిహ్నాలేవీ ఇక్కడ లేవు. అలాంటివి వచ్చాక వేయించుకోకుండా ఊరుకునే మనిషి కాదాయన, వేరే పటంలో ఆ గార్టర్ పట్టీ కాలికి కట్టుకుని మరీ కూర్చున్నాడు. కాబట్టి 1472కూ 1474కూ మధ్య. ఇంకో విషయం, పటంతో దీని సంబంధాన్ని ఎవరూ రుజువు చేయలేరు గానీ తెలుసుకుని ఉండటం మంచిది. భార్య పోవడానికి మూడు వారాల లోపే ముందు, 1472 జూన్‌లో, ఫ్లోరెన్స్ తరఫున ఆయన సైన్యం వోల్తెర్రా పట్టణాన్ని లూటీ చేసింది. ఆ కవచం చూస్తే నాకు ఆ వేసవే గుర్తొస్తుంది.

మరియమ్మ ముఖం బత్తిస్తాదే, పిల్లవాడు గిదోబాల్దోయే అని కొందరు గైడ్లు కథగా చెబుతారు. నేను నమ్మను. బత్తిస్తా ముఖం మనకు తెలుసు, ఇది ఆమెలా లేదు. పోలిక అక్కడ వెతకక్కర్లేదు కూడా. అరుదుగా పుట్టిన మగబిడ్డ, వాణ్ని కని కొన్ని నెలలకే పోయిన తల్లి, తల్లి పొదగకుండానే పిల్లయ్యే గుడ్డు, మృత్యువులా పడుకున్న పసివాడు. ఇవన్నీ క్రీస్తు కథకు చెందినవే. 1473లో ఉర్బినోలో ఆ పటం ముందు మోకరిల్లిన మనిషికి మాత్రం వాటిలో తన ఇంటి సంగతి కనబడకుండా ఉంటుందా? గుడ్డు గురించి అడిగితే ఇంత దూరం తీసుకొచ్చింది అందుకే. అది అంత స్థిరంగా, చిన్న ఊపు కూడా లేకుండా ఎందుకు వేలాడుతోందో ఈ ఇంటి కథంతా చూశాక గానీ నాకు అర్థం కాలేదు.

ఫెదెరికో 1482లో పోయాడు. పటం ఉర్బినో బయట ఆయన సమాధి ఉన్న సాన్ బెర్నార్దినో చర్చిలో, ప్రధాన బలిపీఠం మీద ఉండేది. నెపోలియన్ కాలంలో చర్చిల ఆస్తులు స్వాధీనం చేసుకుంటూ 1811లో మిలాన్‌కు తెచ్చారు. అంచులు నాలుగు వైపులా కొంత కోసేసి ఉన్నాయి, అందుకే కట్టడం ఇరుగ్గా అనిపిస్తుంది.

ఫ్లోరెన్స్ వెళ్తే ఉఫీజీలో పియెరోనే వేసిన ఈ దంపతుల జంట పటాలు చూడండి. అక్కడ ఆమె ఉంది. ఎడమవైపు, తెల్లగా పాలిపోయి, భర్త వైపు తిరిగి. ఆయన కుడివైపు, అదే ఎడమ చెంప. చాలామంది ముందువైపు ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు వెనక్కి వెళ్లండి. పటాల వెనకవైపు ఇద్దరూ రథాల మీద ఊరేగుతుంటారు, కింద ఇద్దరి గురించీ లాటిన్ పద్యాలు. ఆయన పద్యం బతికున్న మనిషి గురించి చెబుతున్నట్టు వర్తమానంలో ఉంటుంది. ఆమె పద్యంలో మొదటి క్రియ "తెనుయిత్", అంటే "నిలుపుకుంది". భూతకాలం.